చీటీ అక్కర్లేని తలుపు

“మనసు బాగాలేకపోతే మాట్లాడితే తగ్గుతుందా? మాటలతో తగ్గేదే అయితే ఇంట్లో అమ్మ ఉంది, పక్కింటి పిన్ని ఉంది. వాళ్ళతో చెప్పుకుంటే చాలదా?”

మాటల చికిత్స ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. సబబైన ప్రశ్నే. జ్వరానికి మాత్ర ఉంది, విరిగిన ఎముకకు కట్టు ఉంది. మరి మాటకు మోతాదేమిటి? ఎన్నాళ్ళు వాడాలి? పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? వీటన్నిటికీ ముందు మరో ప్రశ్న ఉంది, దాన్ని మాత్రం తక్కువ మంది అడుగుతారు. ఆ చికిత్స దొరికేదెక్కడ, ఎవరిని అడిగితే ఇస్తారు?

ఈ చివరి ప్రశ్నకు ఇంగ్లండులో ప్రభుత్వం పదిహేనేళ్ళకు పైగా జవాబు చెబుతూ వస్తోంది. అక్కడ ఊళ్ళోని డాక్టరు దగ్గర, అంటే జీపీ దగ్గర, పేరు నమోదై ఉన్న పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి ఆందోళనకో కుంగుబాటుకో పైసా ఖర్చు లేకుండా మాటల చికిత్స కోరవచ్చు. డాక్టరు చీటీ అక్కర్లేదు. ఫోను చేస్తే చాలు, లేదా ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపితే చాలు. ఏటా పది లక్షలమందికి పైగా ఈ సేవలో చికిత్స మొదలుపెడుతున్నారు. ఆ సేవ పేరు ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్.

టీ తాగుతూ మొదలైన లెక్క

ఈ కథకు ఇద్దరు ముఖ్యులు. రిచర్డ్ లేయార్డ్ ఆర్థికవేత్త, నిరుద్యోగం మీద జీవితమంతా పనిచేసినవారు. డేవిడ్ క్లార్క్ మనస్తత్వ చికిత్సకుడు. 2003లో బ్రిటిష్ అకాడమీలో టీ వేళ వీరిద్దరికీ పరిచయమైంది. మానసిక వ్యాధుల గురించి ఏం తెలుసని ఆర్థికవేత్త అడిగారు. అడగాల్సిన మనిషినే అడిగినట్టయింది.

అప్పటికి చికిత్స లేక కాదు. కుంగుబాటుకు, రకరకాల ఆందోళనలకు ఏయే మాటల చికిత్సలు పనిచేస్తాయో ప్రయోగాల్లో తేలింది. ప్రభుత్వ వైద్యానికి ప్రమాణాలు నిర్ణయించే నైస్ అనే సంస్థ 2004 నుంచి వాటినే సిఫారసు చేస్తోంది. కానీ సిఫారసు కాగితం మీద ఉంది, చికిత్స చేసే మనిషి ఆసుపత్రిలో లేడు. డాక్టరు దగ్గరికి వెళ్తే మాత్రలు రాసిచ్చేవారు. మాటల చికిత్స కావాలంటే నెలలకు నెలలు వరసలో నిలబడాలి, లేదా సొంత డబ్బు పెట్టుకోవాలి.

లేయార్డ్ దీన్ని ఖజానా వాళ్ళకు అర్థమయ్యే భాషలోకి మార్చారు. 2006లో ఆయన బృందం వెలువరించిన కుంగుబాటు నివేదికలోని లెక్క చాలా సులువు. ఒక మనిషికి పూర్తి చికిత్స చేయడానికి అయ్యే ఖర్చు సుమారు 750 పౌండ్లు. అనారోగ్యంతో పనికి వెళ్ళలేని మనిషికి ఇచ్చే భృతి, అతని నుంచి రాకుండా పోయే పన్ను కలిపితే నెలకు అంతే. అంటే చికిత్స వల్ల ఆ మనిషి ఒక్క నెల అదనంగా పనిచేసినా పెట్టిన డబ్బు తిరిగొచ్చేసినట్టే.

అదే ఏడాది రెండు చోట్ల ప్రయోగం మొదలైంది. ఉత్తరాన గనుల ప్రాంతం డాంకాస్టర్ ఒకటి, తూర్పు లండన్‌లో ఎన్నో దేశాల వాళ్ళు కలిసి బతికే న్యూహామ్ రెండోది. 2007 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, దేశమంతటికీ విస్తరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2008లో పని మొదలైంది. మొదటి లక్ష్యం 3,600 మంది కొత్త చికిత్సకులను తయారుచేయడం. ఈ సేవను అప్పట్లో ఐయాప్ట్ అని పిలిచేవారు. ఆ పేరు వింటే అదేమిటో ఎవరికీ తెలిసేది కాదు కాబట్టి 2023లో మార్చారు.

తలుపు ఎవరు తట్టాలి?

డాక్టరు పంపితేనే రావాలన్న పాత పద్ధతిని సడలించి, రోగి తనంతట తానే రావచ్చు అనేసరికి చాలామంది ముక్కున వేలేసుకున్నారు. చీటీ అక్కర్లేదంటే చిన్నాచితకా దిగుళ్ళున్న వాళ్ళంతా వచ్చి కూర్చుంటారు, నిజంగా బాధపడేవాళ్ళకు చోటు ఉండదు అన్నది వాళ్ళ భయం. ఉచితంగా పెడితే కడుపు నిండినవాడే ముందు కూర్చుంటాడు అన్నట్టు.

న్యూహామ్‌లో లెక్కలు తీస్తే వేరే సంగతి బయటపడింది. తమంతట తాము వచ్చినవాళ్ళ బాధ డాక్టర్లు పంపినవాళ్ళ బాధకు ఏమాత్రం తీసిపోలేదు. పైగా వాళ్ళు అంతకంటే ఎక్కువ కాలంగా ఆ బాధతోనే బతుకుతున్నారు. ఆ ప్రాంతంలో ఏ జాతుల వాళ్ళు ఎంతమంది ఉన్నారో, సొంతంగా వచ్చినవాళ్ళలోనూ ఇంచుమించు అదే పాలు కనిపించింది. డాక్టర్ల ద్వారా వచ్చినవాళ్ళలో అలా లేదు. నలుగురిలోకి వెళ్ళాలంటే వణికిపోయే సామాజిక భయం, ఒకనాటి ఘోరం కళ్ళముందు పదేపదే ఆడే పీడ, ఇలాంటివి ఉన్నవాళ్ళ పాలు సొంతంగా వచ్చినవాళ్ళలోనే ఎక్కువ. డాక్టరు గదిలో ఉండే పది నిమిషాల్లో వాళ్ళు ఆ విషయం ఎత్తి ఉండకపోవచ్చు. చీటీ రాసేవాడికి తెలియని జబ్బుకు చీటీ ఎక్కడిది?

ఇప్పుడు ఆ తలుపును దగ్గరగా చూద్దాం. లెస్టర్‌లో ఎంఎస్సీ చదువుతున్న ఒక తెలుగమ్మాయి ఉందనుకుందాం. పగలు క్లాసులు, రాత్రి గోదాములో పార్ట్‌టైం పని, ఇంటి దగ్గర అప్పు. రెండు నెలలుగా నిద్ర లేదు. ఒకరోజు బస్సులో గుండె దడదడలాడి, ఊపిరందక, ప్రాణం పోతుందనిపించి మధ్యలో దిగిపోయింది. అప్పట్నుంచి బస్సెక్కడం లేదు. ఆసుపత్రిలో గుండె పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. వీసాతో పాటు ఆరోగ్య రుసుము కింద ఏడాదికి 776 పౌండ్లు ఆమె ముందే కట్టేసింది. ఈ చికిత్స కూడా అందులోనే వస్తుందని చాలామంది విద్యార్థుల్లాగే ఆమెకూ తెలియదు.

జీపీ దగ్గర పేరు నమోదుకు చిరునామా రుజువు తప్పనిసరి కాదు. అది అయ్యాక ఊళ్ళోని సేవ వెబ్‌సైటులో ఫారం నింపుతుంది. కొన్ని రోజులకో వారాలకో, చెప్పిన సమయానికి ఫోను మోగుతుంది. ముప్పావుగంట దాకా సాగే ఈ మొదటి సంభాషణ చికిత్స కాదు, మదింపు. ఏం జరుగుతోంది, ఎప్పట్నుంచి, దానివల్ల ఏ పనులు మానేశారు, మందులేమైనా వాడుతున్నారా, ఇంట్లో ఎవరున్నారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అన్నది కూడా నాన్చకుండా సూటిగా అడుగుతారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. చెప్పిన సంగతులు ఇంట్లోవాళ్ళకు చేరవు. తనకో మరొకరికో తీవ్రమైన హాని జరిగే ప్రమాదం ఉందనిపిస్తే గోప్యత నియమాన్ని సడలిస్తారు, అది ముందే చెబుతారు.

ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని అడగవచ్చు, దానికీ డబ్బు తీసుకోరు. ఇది చిన్న సదుపాయం కాదు. తెలుగులో మనసు బాధ చాలావరకు ఒంటి మీదుగానే బయటికొస్తుంది. గుండెల్లో రాయి పెట్టినట్టుందంటాం, కడుపులో దేవినట్టుందంటాం, కాళ్ళూ చేతులూ ఆడటం లేదంటాం. వీటిని మాటకు మాట ఇంగ్లీషులో చెబితే వినేవాళ్ళు గుండె డాక్టరు దగ్గరికో కడుపు డాక్టరు దగ్గరికో పంపిస్తారు.

తొమ్మిది ప్రశ్నల తూకం

మదింపులో రెండు చిన్న ప్రశ్నపత్రాలు తప్పనిసరి. కుంగుబాటుకు తొమ్మిది ప్రశ్నలున్న పీహెచ్‌క్యూ-9, ఆందోళనకు ఏడు ప్రశ్నలున్న జీఏడీ-7. రెండూ అమెరికాలో పుట్టాయి, మొదటిది 2001లో, రెండోది 2006లో ప్రచురితమయ్యాయి. గడచిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఏ పని మీదైనా ఆసక్తి ఉందా, తన మీద తనకే రోత పుడుతోందా అన్న తీరులో ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి అసలు లేదంటే సున్నా, దాదాపు రోజూ ఉందంటే మూడు. మొదటి పత్రంలో మొత్తం 27కు పది గానీ అంతకు మించి గానీ, రెండోదానిలో 21కి ఎనిమిది గానీ అంతకు మించి గానీ వస్తే చికిత్స అవసరమైన స్థాయిగా లెక్కిస్తారు. చికిత్స ముగిసేసరికి రెండూ ఆ గీతల కిందికి దిగితే కోలుకున్నట్టు.

మనసును ఇలా అంకెల్లోకి దించడం చాలామందికి నచ్చదు. జ్వరమానిలో పాదరసం జ్వరానికి కారణం చెప్పదు, ఎవరి జ్వరం ఎలా ఉందో వర్ణించదు. అయినా నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెబుతుంది. ఈ ప్రశ్నపత్రాల పని అంతవరకే.

అసలు కొత్తదనం, వీటిని ప్రతి కలయికలోనూ నింపించడం. అంతకుముందు మొదట్లో ఒకసారి, ఆఖర్న ఒకసారి కొలిచేవారు. మధ్యలో మానేసినవాళ్ళ లెక్క గాలికి పోయేది. పరీక్ష రాసినవాళ్ళనే లెక్కేసి బడిలో అందరూ పాసయ్యారని చెప్పుకోవడం లాంటిదన్నమాట. డాంకాస్టర్, న్యూహామ్‌లలో ప్రతిసారీ కొలవడంతో దాదాపు అందరి వివరాలూ దొరికాయి. ఆఖరి కొలత ఇవ్వకుండా వెళ్ళిపోయినవాళ్ళు, ఇచ్చినవాళ్ళకంటే బాగా తక్కువగా మెరుగుపడ్డారని కూడా అప్పుడే తెలిసింది. పాత పద్ధతిలో ఆ సంగతి కనిపించేదే కాదు.

లోపల జరిగేది

ఇక అమ్మ ప్రశ్నకు వద్దాం. బస్సు చూస్తే భయమేస్తోందని ఆ అమ్మాయి ఇంటికి ఫోను చేసి చెబితే అమ్మ ఏమంటుంది? “బస్సెందుకమ్మా, క్యాబ్‌లో వెళ్ళు, డబ్బులు పంపిస్తా. లేదంటే ఇవాళ్టికి కాలేజీ మానెయ్.” అందులో ప్రేమకు కొదవలేదు. చికిత్సకుడు చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు.

ఎందుకో తెలియాలంటే గాబరా ఎలా తిరుగుతుందో చూడాలి. డేవిడ్ క్లార్క్ 1986లో దీన్ని ఒక చక్రంగా వివరించారు. నిద్రలేమి వల్లనో, మెట్లెక్కడం వల్లనో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. అది మామూలే. కానీ ఆ మనిషి దాన్ని గుండెపోటుకు సూచన అనుకుంటుంది. అనుకోగానే భయం. భయపడగానే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె ఇంకా వేగం అందుకుంటుంది. ఊపిరి గబగబా తీయడంతో రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అదిగో, అనుకున్నంతా అయింది అని భయం రెట్టింపవుతుంది. ఇంటి కాపలా కుక్క అద్దంలో తనను తాను చూసుకుని మొరిగినట్టు. అది ఎంత మొరిగితే అద్దంలోది అంత మొరుగుతుంది.

బస్సు దిగిపోగానే గాబరా తగ్గుతుంది. అందువల్ల దిగడమే తనను కాపాడిందని మనసు నమ్ముతుంది. చేతిలో నీళ్ళ సీసా, తలుపు పక్క సీటు, ఫోనులో స్నేహితురాలు, ఇవన్నీ కూడా అలాంటి తాయెత్తులే. వీటిని భద్రతా అలవాట్లు అనవచ్చు. దిగకపోయినా ఏమీ కాదన్న సంగతి తెలుసుకునే అవకాశాన్ని అవి ఒక్కసారి కూడా రానివ్వవు. అమ్మ పంపిన క్యాబ్ డబ్బులు చేసేదీ అదే.

అందుకే చికిత్సకుడు భయపడొద్దని బుజ్జగించడు, పరీక్ష పెట్టి చూద్దామంటాడు. గదిలోనే రెండు నిమిషాలు గబగబా ఊపిరి తీయమంటాడు. తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, బస్సులో అయిందంతా అవుతుంది. గుండెపోటు మాత్రం రాదు. తర్వాతి వారానికి ఇంటి పని: నీళ్ళ సీసా లేకుండా రెండు స్టాపుల దూరం బస్సులో వెళ్ళడం. ఏం జరుగుతుందనుకుంటున్నారో ముందు రాసుకోవాలి, జరిగిందేమిటో తర్వాత రాసుకోవాలి. అమెరికన్ వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపుదిద్దిన ఆలోచన-ఆచరణ చికిత్స ఇదే. సీబీటీ అన్న పేరుతో ఎక్కువమందికి తెలుసు. పాత భయం పలక మీది రాతలా చెరిగిపోదు. దాని పక్కనే కొత్త పాఠం ఒకటి చేరుతుంది, చదివిన కొద్దీ అదే ముందు గుర్తొస్తుంది.

కుంగుబాటుకు ఎత్తుగడ వేరు. ఉత్సాహం వస్తే లేచి పని చేద్దామని మనిషి ఎదురుచూస్తుంటాడు. ఏ పనీ చేయకపోవడం వల్ల సంతోషం కలిగే సందర్భాలే లేకుండా పోతాయి, ఉత్సాహం ఇంకా అడుగంటుతుంది. ఏటి ఇసుకలో తీసిన చెలమ తోడితేనే ఊరుతుంది, వదిలేస్తే పూడిపోతుంది. అందుకని ఉత్సాహం కోసం ఆగకుండా చిన్న పనితో మొదలుపెట్టిస్తారు. ఉదయం పదికి స్నానం, సాయంత్రం పది నిమిషాల నడక, ఆదివారం ఒక్క ఫోను. ప్రతిదానికీ వేళ రాసి, చేశాక మనసెలా ఉందో పక్కన అంకె వేయిస్తారు. దీన్ని ఆచరణ ప్రేరణ అనుకోవచ్చు.

మెట్లు, నిరీక్షణలు

అందరికీ ఒకే మోతాదు ఇవ్వరు. మొదటి మెట్టులో ఏడాదిపాటు ప్రత్యేక శిక్షణ పొందిన కార్యకర్త ఆరేడుసార్లు అరగంట చొప్పున, చాలావరకు ఫోనులోనే, స్వయంసాధన చేయిస్తారు. కంప్యూటరు పాఠాలూ ఉంటాయి. దాంతో సరిపోకపోతే, లేదా జబ్బు మొదట్నుంచే తీవ్రంగా ఉంటే, పై మెట్టు. అక్కడ పూర్తిస్థాయి చికిత్సకుడితో పన్నెండు నుంచి ఇరవై దాకా గంటసేపటి కలయికలు. ఆరు వారాల్లోపు 75 శాతం మందికి, 18 వారాల్లోపు 95 శాతం మందికి చికిత్స మొదలవ్వాలన్నది ప్రమాణం.

ఆ ప్రమాణాన్ని మొత్తం మీద అందుకుంటున్నారు. చిక్కు దాని వెనక ఉంది. మొదటి కలయికతోనే గడియారం ఆగిపోతుంది. ఆ తర్వాత రెండోదాని కోసం వారాలు, కొన్నిచోట్ల నెలలు ఎదురుచూడాలి. మదింపులో మనసు విప్పి చెప్పుకున్న మనిషికి ఆ ఖాళీ మరీ బరువు.

ఫలితాల సంగతి కూడా దాచుకోనక్కర్లేదు. చికిత్స పూర్తిచేసినవాళ్ళలో కోలుకున్నవాళ్ళు సుమారు సగం, గణనీయంగా మెరుగుపడినవాళ్ళు మూడింట రెండొంతులు. మిగతావాళ్ళకు మందులో, మరో రకం చికిత్సో, నిపుణుల ఆసుపత్రో కావాలి. శ్వేతజాతేతరులు ఈ సేవకు తక్కువగా వస్తున్నారు, వచ్చినా తక్కువగా కోలుకుంటున్నారు. దీన్ని సరిదిద్దడానికి 2019లో ప్రత్యేక మార్గదర్శిని తెచ్చారు. అన్నిటికంటే ముఖ్యం, ఇది అత్యవసర సేవ కాదు. ప్రాణం తీసుకోవాలనిపించే క్షణంలో అక్కడివాళ్ళు 999కి ఫోను చేయాలి, లేదా 111కు చేసి మానసిక ఆరోగ్యం అన్న ఎంపికను ఎంచుకోవాలి.

పధ్నాలుగు నాలుగు పదహారు

మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక సమస్యలున్నవాళ్ళలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ ఖర్చుతో వైద్యం పొందే హక్కునిచ్చింది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ మొదలైంది. 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగుతో సహా ఇరవై భాషల్లో పలుకుతుంది. ఇప్పటికి ఇరవై లక్షలకు పైగా ఫోన్లు అందుకుంది. ఇక్కడా చీటీ అక్కర్లేదు. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఫోనులో సలహా దొరుకుతుంది, అవసరమైతే ఆసుపత్రికి దారి చూపిస్తారు. వారం వారం ఒకే మనిషితో సాగే పూర్తి చికిత్స మాత్రం ప్రభుత్వ వైద్యంలో ఇంకా అరుదే.

అంతమంది చికిత్సకులు ఎక్కడ దొరుకుతారన్న సందేహానికి గోవా ఒక దారి చూపింది. మనోవైద్యుడు విక్రమ్ పటేల్, అక్కడి సంగాత్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటున్న 493 మందితో ప్రయోగం చేశారు. చికిత్స చేసినవాళ్ళు డాక్టర్లు కారు, మానసిక శాస్త్రం చదవని స్థానికులు. వాళ్ళకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది కలయికల్లో పైన చెప్పిన ఆచరణ ప్రేరణనే చేయించారు. మూడు నెలలకు అదే పీహెచ్‌క్యూ-9తో తూచారు. ఈ చికిత్స అందినవాళ్ళలో 64 శాతం మంది కోలుకున్నారు, మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవాళ్ళలో 39 శాతం.

లెస్టర్ అమ్మాయి దగ్గరికి మళ్ళీ వెళ్దాం. పన్నెండో కలయిక అయిపోయిందనుకుందాం. ఆందోళన పత్రంలో పదిహేడు దగ్గర మొదలైన అంకె ఏడుకు దిగింది. ఆఖరి రోజున చికిత్సకుడు ఆమె చేతే ఒక కాగితం రాయించాడు. మళ్ళీ మొదలైతే ముందుగా కనిపించే గుర్తులేమిటి, అప్పుడు చేయాల్సిందేమిటి. ఆమె గుర్తులన్నీ తెలుగులో రాసుకుంది: దడ, నిద్ర పట్టకపోవడం, ఫోనెత్తబుద్ధి కాకపోవడం. ఆ సాయంత్రం బస్సు పై అంతస్తులో, తలుపుకు దూరంగా కూర్చుని గుంటూరులో ఉన్న తమ్ముడికి ఫోను చేసింది. పోటీ పరీక్షలకు చదువుతున్న వాడికి నెల రోజులుగా నిద్ర పట్టడం లేదట. భయపడకు, అంతా సర్దుకుంటుంది అని నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని 14416 అని రాసుకోమంది.

“ఫోన్ చేస్తే ఏం అడుగుతారక్కా?” అన్నాడు వాడు.

“ముందు ఏ భాషలో మాట్లాడతావని అడుగుతార్రా.”